కళ్లజోడు – తుపాకి దుర్భిణి

'దుర్భిణి' అనే మాట తెలుగువారి నోట ఎంతగా నానినదంటే, అది పారసీకం నుండి వచ్చిన పదమని చాలామందికి స్ఫురించదు. 'దూర్' అంటే దూరం. 'బీన్' అంటే చూచేది. ఉర్దూలో నేటికీ అది దూర్‌బీన్. కళ్లజోడును ఉర్దూలో ఐనక్ అనీ, చష్మా అనీ అంటారు. చష్మ్ అంటే కన్ను. ఇక తుపాకి అనే మాట తురుష్క భాష నుండి మనకు సంక్రమించినది. ఇన్ని భాషల మాటలను ఒక్కచోట కలుపుకొని వ్యవహరించే మన కళాశాలలో, ఈ మూడు వస్తువులను కూడ ఒక్కచోట చేర్చి విచారించడం అనుచితం కాదని తలచుచున్నాము. కళ్లజోడు పెట్టుకొన్న మనిషి దుర్భిణి అమర్చిన తుపాకితో గురి చూడగలడా? చూడగలిగితే ఏ జాగ్రత్తలు పాటించవలె? ఇదే ఈ వ్యాసానికి విషయం.

ఈ ప్రశ్న మన విద్యార్థులకు ఊరక పుట్టినది కాదు. 1948లో చట్టరూపం దాల్చిన జాతీయ కేడెట్ దళం, అనగా ఎన్.సి.సి., మన కళాశాలల విద్యార్థుల చేతికి పాయింట్ 22 రైఫిలును అందించినది. బాపట్ల, రేపల్లె, తెనాలి పరిసర గ్రామాల నుండి చదువుకు వచ్చే యువకులలో, యువతులలో పోలీసు ఉద్యోగమో సైనికోద్యోగమో ఆశించేవారు అనేకులు. వారిలో కళ్లజోడు వాడేవారు ఫైరింగు రోజున దానిని తీసి జేబులో దాచుకొనడం కద్దు. అద్దాలతో గురి కుదరదని కొందరి భయం. నలుగురూ నవ్వుతారని మరికొందరి బిడియం. ఈ రెండింటికీ ఆధారం లేదని చూపడమే మా ఉద్దేశ్యం.

స్టూవర్టుపురం సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పదగినది. బాపట్ల సమీపాన ఉన్న ఈ ఊరికి నాటి మద్రాసు ప్రభుత్వంలోని ఉన్నతాధికారి సర్ హెరాల్డ్ స్టూవర్టు పేరు పెట్టినారు. 1911 నాటి నేరస్థ తెగల చట్టం నీడలో, ఎరుకల కుటుంబాల కొరకు, సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో వెలసిన సెటిల్‌మెంటు అది. పుట్టుకను బట్టియే మనుషులను అనుమానించి, వేలిముద్రలు తీసి, హాజరు పలికించిన చట్టమది. 1952లో అది దేశమంతటా రద్దయినది. చట్టం పోయినా పేరు వెంటాడినది. చలనచిత్రాల పేర్లలోనికి సైతం ఎక్కినది. అటువంటి ఊరి బిడ్డ రాగాల వెంకట రాహుల్ 2018లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడలలో 85 కిలోల విభాగాన మొత్తం 338 కిలోలు ఎత్తి స్వర్ణపతకం సాధించినాడు. క్రీడ మనిషికి కొత్త పేరు తెచ్చిపెట్టగలదనుటకు ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. బరువులెత్తుటకు బాహుబలం కావలె. గురి చూచుటకు చూపు కావలె. చూపులో లోపమున్నంత మాత్రాన ఆ రెండవ దారి మూసుకొనిపోదు.

ముందుగా కంటిని గూర్చి. వస్తువుల నుండి వచ్చే కాంతి కంటిలోనికి ప్రవేశించుట వలననే మనకు చూపు కలుగునని, కంటి నుండి కిరణాలు బయటకు పోవని, 11వ శతాబ్దపు తొలి దశకాలలో ఇబ్నుల్ హైథమ్ తన 'కితాబుల్ మనాజిర్' అనే గ్రంథంలో సోపపత్తికంగా నిరూపించినాడు. ఈ కాంతి కంటిలోని కటకం గుండా వంగి వెనుకనున్న రెటీనా మీద కేంద్రీకరించవలె. హ్రస్వదృష్టి గలవారికి అది రెటీనాకు ముందే కేంద్రీకరిస్తుంది; దూరపు వస్తువు మసకబారుతుంది. వారికి పుటాకార కటకం, అనగా మైనస్ పవరు అద్దం కావలె. దీర్ఘదృష్టికి ప్లస్ పవరు అద్దం. కంటి ముందుభాగపు వంపు అన్ని దిశలలో సమానంగా లేకపోతే అది అసమదృష్టి; దానికి సిలిండరు పవరు అద్దం అవసరం. ఈ మూడవదానిని పాఠకులు గుర్తుంచుకోవలసినదిగా కోరుచున్నాము.

దుర్భిణి లేని మామూలు రైఫిలులో గురి చూచేవాడు మూడింటిని ఒకే వరుసలోనికి తేవలె: కంటి దగ్గరి వెనుక సైటు, గొట్టం చివరనున్న ముందు సైటు, దూరాన ఉన్న టార్గెట్టు. కన్ను ఒకే సమయాన ఈ మూడింటినీ స్పష్టంగా చూడజాలదు. కనుక ముందు సైటును స్పష్టంగా నిలిపి, టార్గెట్టు కొంత మసకగా ఉన్నా సరిపెట్టుకొనవలెనని శిక్షకులు బోధిస్తారు. దూరదృష్టికి సరిపడే కళ్లజోడు పెట్టుకొన్న యువకుని కన్ను ముందు సైటు మీదికి సులభంగా సర్దుకొంటుంది. చత్వారం వచ్చినవారికే అది కష్టం. కాబట్టి కాలేజీ వయస్సు విద్యార్థి మామూలు రైఫిలుతో గురి చూచేటప్పుడు అద్దాలు తీయవలసిన పని ఎంతమాత్రం లేదు.

దుర్భిణి ఈ చిక్కునే తొలగిస్తుంది. ముందుభాగాన ఉన్న వస్తుకటకం టార్గెట్టు బింబాన్ని లోపల ఏర్పరుస్తుంది. నడుమనున్న కటకాలు తలక్రిందులైన ఆ బింబాన్ని నిలబెడతాయి. కంటి వైపున ఉన్న అక్షికటకం దానిని పెద్దదిగా చూపుతుంది. గురి చూపే అడ్డగీత, నిలువుగీత ఆ బింబం ఏర్పడే తలంలోనే ఉంటాయి. కాబట్టి టార్గెట్టూ గీతలూ ఒకే దూరాన ఉన్నట్లు కంటికి తోచి రెండూ ఒక్కసారి స్పష్టంగా కనబడతాయి. దుర్భిణి మన ప్రాంతానికి కొత్త కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించుటకు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరుకు వచ్చి దుర్భిణిని నిలిపినాడు. ఖగోళ దుర్భిణికీ తుపాకి దుర్భిణికీ మూలసూత్రం ఒక్కటే. ఒక్క ముఖ్యమైన భేదం మాత్రం ఉన్నది.

ఆ భేదమే కళ్లజోడు వారికి మేలు చేసేది. సూక్ష్మదర్శినిలో గాని, రెండు కళ్ల బైనాక్యులరులో గాని కంటిని అక్షికటకానికి మిక్కిలి దగ్గరగా ఆనించవలె, అద్దాలు అడ్డువస్తాయి. తుపాకి పేలినప్పుడు వెనుకకు తన్నుతుంది గనుక, తుపాకి దుర్భిణిని కంటికి దూరంగానే ఉంచే విధంగా నిర్మిస్తారు. ఆ ఎడం సాధారణంగా 3 నుండి 4 అంగుళాలు. కళ్లజోడు అద్దం కనుగుడ్డుకు సుమారు 12 నుండి 14 మిల్లీమీటర్ల దూరాన నిలుస్తుంది. 90 మిల్లీమీటర్ల ఎడం గల దుర్భిణిలో ఈ కొలత తీసివేసినా అద్దానికీ దుర్భిణికీ నడుమ 75 మిల్లీమీటర్లకు పైగా మిగులుతుంది. అనగా, కళ్లజోడుకు చోటు చాలినంత ఉన్నది.

మరి కళ్లజోడు లేకుండ దుర్భిణి చూడరాదా అని అడుగవచ్చును. అక్షికటకం వద్దనున్న తిరిగే కట్టును సర్దితే కొద్దిపాటి మైనస్ లేక ప్లస్ పవరును దుర్భిణియే సరిచేయగలదు. అద్దాలు తీసినా చూపు స్పష్టంగా ఉన్నదని కొందరు మురిసిపోవుట ఇందువల్లనే. కాని ఈ సర్దుబాటుకు హద్దున్నది. ఎక్కువ పవరును అది అందుకొనలేదు. అసమదృష్టిని అసలే సరిచేయజాలదు. కట్టును ఎంత త్రిప్పినా ఒక గీత పదునుగా, మరొక గీత మసకగా కనబడుతుంది. అంతకంటె ముఖ్యమైన సంగతి: దుర్భిణి చూపేది ప్రపంచంలో ఒక చిన్న వృత్తాన్ని మాత్రమే. తల ఎత్తగానే రేంజిలోని ఎర్రజెండా, టార్గెట్టు దగ్గరకు నడచిపోయే మనిషి, శిక్షకుని చేతి సైగ, వీటిని చూడవలసినది మన కన్నే. అద్దాలు తీసినవాడు వృత్తంలోపల చూపరి, వృత్తం వెలుపల అంధుడు. చేత తుపాకి ఉన్నవానికి ఇది తగదు. కావున కళ్లజోడు ముక్కు మీదనే ఉండవలె. దుర్భిణి దానికి లోబడవలె.

ఇట్లు లోబరచుకొనే పద్ధతి కష్టమైనది కాదు. మొదట తుపాకిలో గుండు లేదని శిక్షకుడు స్వయంగా పరీక్షించి చెప్పవలె. అటుపిమ్మట కళ్లజోడు పెట్టుకొని, దుర్భిణిని ఖాళీ ఆకాశం వైపో తెల్లని గోడ వైపో త్రిప్పవలె. సూర్యుని వైపు ఎన్నడూ త్రిప్పరాదు, అది క్షణంలో కంటిని కాల్చివేస్తుంది. రెండు క్షణాలు మాత్రమే చూచి, కన్ను మరలించి, గీతలు పదునుగా లేకపోతే కట్టును కొంచెం త్రిప్పి మరల చూడవలె. ఎక్కువసేపు తదేకంగా చూస్తే కన్ను తనంతట తాను సర్దుకొని మనలను మోసగిస్తుంది. చూచిన తొలి క్షణంలోనే గీతలు స్ఫుటంగా కనబడితే సర్దుబాటు కుదిరినట్లు. ఇక ఆ కట్టును కదపరాదు. కళ్లజోడు పవరు మారినప్పుడు మాత్రం ఈ పనిని మరల చేయవలె.

తరువాతిది తల నిలుపుట. దుర్భిణి నుండి కంటికి వచ్చే కాంతిపుంజం వెడల్పును లెక్కించుట తేలిక. వస్తుకటకపు వ్యాసాన్ని వృద్ధితో భాగించవలె. 40 మిల్లీమీటర్ల కటకం, నాలుగింతల వృద్ధి అయితే 10 మిల్లీమీటర్లు. పదింతల వృద్ధి అయితే 4 మిల్లీమీటర్లే. పుంజం సన్నగిలినకొలది తల కాస్త కదిలినా వృత్తం అంచున నల్లని నీడ క్రమ్ముకొంటుంది. కొత్తవారు ఈ నీడను చూచి నేరమంతా కళ్లజోడు మీద మోపుతారు. నిజానికి తక్కువ వృద్ధితో అభ్యాసం ఆరంభించి, చెంపను ప్రతిసారీ తుపాకి మడమ మీద ఒకే చోట ఆనించితే నీడ తొలగిపోతుంది.

కళ్లజోడు నిజంగా పెట్టే ఇబ్బంది వేరొకటి. బోర్లా పడుకొని గురి చూచేటప్పుడు తల ముందుకు వంగి, చూపు అద్దం నడుమ నుండి గాక ముక్కు వైపున ఉన్న పైమూల నుండి సాగుతుంది. కటక కేంద్రం నుండి ప్రక్కకు జరిగినకొలది అద్దం పట్టకం వలె ప్రవర్తిస్తుంది. 4 డయాప్టర్ల అద్దంలో 1 సెంటీమీటరు ప్రక్కకు జరిగితే, 1 మీటరు దూరాన వస్తువు 4 సెంటీమీటర్లు జరిగినట్లు తోస్తుంది. అయినను భయపడనక్కరలేదు. టార్గెట్టూ గీతలూ ఒకే తలంలో ఉన్నవి గనుక రెండూ కలిసే జరుగుతాయి, గురి తప్పదు. స్పష్టత మాత్రం తగ్గి కన్ను అలసిపోతుంది. దీనికి మందు, అద్దాలు కొంత పెద్దవిగా ఉన్న ఫ్రేమును ఎన్నుకొని, ముక్కు మీది ఆనుళ్లను సర్దించి దానిని కొంచెం పైకి నిలుపుట. రెండు మూడు పవర్లు ఒకే అద్దంలో ఇమిడి ఉన్న కళ్లజోడు ఈ పనికి పనికిరాదు.

మన తీరప్రాంతపు ఉక్కలో చెమటకు కళ్లజోడు జారుట, అద్దం మీద ఆవిరి పట్టుట నిత్యానుభవాలు. తల వెనుక ఒక పట్టీ కట్టుకొంటే జారదు; కనుబొమల మీద చేతిరుమాలు కట్టుకొంటే చెమట దిగదు. గాజు అద్దాల కంటె సులభంగా పగలని పాలీకార్బొనేట్ అద్దాలు క్షేమకరం. పాయింట్ 22 రైఫిలు తన్నుడు స్వల్పం. పెద్ద రైఫిలు తన్నినప్పుడు, ఎడం పాటించనివాని నుదుటికి గాని అద్దానికి గాని దుర్భిణి అంచు తగులుతుంది. తగిన దూరాన నిలిపినవానికి మాత్రం ఆ కళ్లజోడే ఎగిరివచ్చే తూటా తొడుగు నుండి, వేడిగాలి నుండి కంటిని కాపాడే కవచం.

దుర్భిణి అన్ని పోటీలలోనూ చెల్లదని కూడ తెలుసుకొనవలె. ఒలింపిక్ క్రీడలలోని 10 మీటర్ల, 50 మీటర్ల రైఫిలు పోటీలలో తుపాకికి దుర్భిణి అమర్చుట నిషిద్ధం. కళ్లజోడు మాత్రం నిషిద్ధం కాదు. 2008లో బీజింగులో 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో స్వర్ణపతకం పొందిన అభినవ్ బింద్రా కళ్లజోడు మనిషి. 2012లో లండనులో అదే పోటీలో కాంస్యపతకం గెలిచిన, హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కూడ కళ్లజోడు ధరించేవాడే. ఇక వేట విషయమందురా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానిని నిషేధించినది. దుర్భిణి గల తుపాకిని మనుషుల వైపు త్రిప్పి వారిని 'దగ్గరగా చూచుట' వినోదం కాదు, నేరానికి తొలిమెట్టు. దూరం చూచుటకు తుపాకి లేని దుర్భిణులు ఎన్నో కలవు.

ఇంతకూ, కళ్లజోడును ఎట్లు వాడవలెనన్న ప్రశ్నకు ముందు, అది అవసరమైన బిడ్డకు అందినదా అన్న ప్రశ్న ఉన్నది. బల్ల మీది అక్షరం కనబడక వెనుకబడిన విద్యార్థిని మందబుద్ధి అనుకొనే ఉపాధ్యాయులు, కళ్లజోడు పెడితే ఆడపిల్లకు సంబంధాలు కుదరవని జంకే తలిదండ్రులు మన మధ్య లేకపోలేదు. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరంభించిన కంటి వెలుగు కార్యక్రమపు తొలి దశ బడిపిల్లల కొరకే ఉద్దేశింపబడినది. పరీక్ష ఒకసారి చేయించి ఊరకుంటే చాలదు. ఎదిగే వయస్సులో పవరు మారుతూ ఉంటుంది. ఏటేట పరీక్ష అవసరం. ఎన్.సి.సి.లో చేరే ప్రతి విద్యార్థికి ఫైరింగుకు ముందు కంటిపరీక్ష జరిపించే ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలకు ఈ వ్యాసముఖంగా సవినయంగా మనవి చేయుచున్నాము. పోలీసు, సైనికోద్యోగాలలో దృష్టికి సంబంధించిన నియమాలు ఉద్యోగాన్ని బట్టి మారుతాయి. విద్యార్థులు తమ లోపాన్ని దాచుకొని ఆఖరు గడియలో నిరాశపడుట కంటె, ముందే పరీక్ష చేయించుకొని, ప్రకటనను జాగ్రత్తగా చదివి, తమకు తగిన దారిని ఎన్నుకొనుట మేలు.

ఒక చట్టం ఒకనాడు స్టూవర్టుపురం ప్రజలను ఓరచూపుతో చూచినది. ఆ ఊరి బిడ్డలైనా, మరే ఊరి బిడ్డలైనా, నేడు ప్రపంచాన్ని సూటిగా చూడవలసిన వారు. అందుకు అద్దం అవసరమైతే జేబులో దాచక, ధైర్యంగా కళ్లకు పెట్టుకొందురు గాక.