కెర్నెల్‌లో తాళాలు

కంప్యూటరులోని పనులన్నింటినీ అదుపులో ఉంచేది ఆపరేటింగ్ సిస్టం. దానికి గుండెకాయ వంటి భాగం కెర్నెల్. మెమరీని పంచిపెట్టడం, ఫైళ్లను భద్రపరచడం మొదలైనవి దాని బాధ్యతలు. ప్రోగ్రాములో ఒక వరుసలో సాగిపోయే పనిని థ్రెడ్, అనగా దారం, అంటారు. ఒకే సమయంలో అనేక థ్రెడ్లు కెర్నెల్ సహాయం కోరుతుంటాయి.

మెమరీలో 5 అనే సంఖ్య ఉందనుకోండి. రెండు థ్రెడ్లు ఒకేసారి దానిని చదివి, చెరొక ఒకటి కలిపి, తిరిగి రాశాయి. 7 రావలసిన చోట 6 మాత్రమే మిగులుతుంది. కెర్నెల్‌లో ఇటువంటి పొరపాటు జరిగితే ఫైళ్లు పాడుకావచ్చు, యంత్రమే ఆగిపోవచ్చు. అందుచేత ఒక థ్రెడ్ పని ముగిసేవరకు రెండవది ఆగి ఉండేటట్లు ప్రోగ్రాములోనే ఒక ఏర్పాటు చేస్తారు. దానినే తాళం అంటారు.

ఫిన్లాండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ కెర్నెల్‌ను ప్రారంభించాడు. 1996లో అది ఒకటికి మించిన ప్రాసెసర్లతో పనిచేయడం మొదలుపెట్టింది. అప్పుడు కెర్నెల్ అంతటికీ ఒకే పెద్ద తాళం ఉండేది. ఇంటికంతటికీ ఒకే తాళంచెవి ఉంటే, ఒకరు వంటగదిలో ఉన్నంతసేపు మరొకరు పడకగదిలోకైనా పోలేరు కదా! అదేవిధంగా నాలుగు ప్రాసెసర్లున్నా కెర్నెల్‌లో ఒక్కటే పనిచేసేది, తక్కినవి ఎదురుచూసేవి.

దీనికి నిపుణులు కొన్ని ఉపాయాలు కనుగొన్నారు. మొదటిది, గదికొక తాళం వేయడం. రెండవది, వేచి ఉండే పద్ధతిని మార్చడం. కొద్దిసేపే అయితే థ్రెడ్ గుమ్మం దగ్గరే నిలబడి చూస్తుంది. ఆలస్యమయ్యేటట్లుంటే నిద్రపోయి, ప్రాసెసరును ఇతరులకు వదులుతుంది. మూడవది 2002లో లినక్స్‌లో చేరింది. బడిలో కాలపట్టిక మార్చవలసివస్తే, పాతది చెరపకుండా పక్కన కొత్తది తగిలించి, పాతదానిని చూస్తున్నవారు వెళ్లాక తీసివేయవచ్చు. ఈ పద్ధతిలో చదివేవారు ఆగనక్కరలేదు.

అయితే తాళాలు పెరిగితే కొత్త చిక్కు వస్తుంది. ఒక థ్రెడ్ మొదటి తాళం పట్టుకొని రెండవదానికోసం, మరొకటి రెండవది పట్టుకొని మొదటిదానికోసం చూస్తుంటే రెండూ కదలవు. కాబట్టి అందరూ ఒకే వరుసలో తాళాలు తీసుకోవాలనే నియమం పెట్టారు.

ఎక్కడ ఏ తాళం అవసరమో ఒక్కొక్కటిగా పరిశీలిస్తూ పోగా, 2011లో ఆ పెద్ద తాళం పూర్తిగా తొలగింది. అందుకు పదిహేనేండ్లు పట్టింది. తాళం లేకుంటే తప్పులు దొర్లుతాయి. అతిగా వేస్తే పని నిలుస్తుంది. అవసరమైన చోట, అవసరమైనంతసేపే వేయడం నేర్పరితనం.