నవ్వుల విరాళం: వేదిక ఎవరిది, జోలె ఎవరిది?

ఒక మనిషి మైకు ముందు నిలబడి గంటసేపు జనాన్ని నవ్విస్తాడు. టిక్కెట్టు డబ్బు ఏదో బస్తీ బడికో, ఆసుపత్రికో పోతుంది. స్టాండప్ కామెడీ పేరుతో మన నగరాల్లోనూ ఇప్పుడివి కనబడుతున్నాయి. మంచిదే. అయితే ఈ పనిని చాలా పెద్ద ఎత్తున చేసిన బ్రిటన్ అనుభవం మన కార్యకర్తలకు తెలిసి వుండటం అవసరమని మేం అనుకుంటున్నాం.

అక్కడి సంస్థ పేరు కామిక్ రిలీఫ్. ఇథియోపియా కరువు నేపథ్యంలో 1985లో రచయిత రిచర్డ్ కర్టిస్, నల్లజాతి హాస్యనటుడు లెనీ హెన్రీ దాన్ని మొదలుపెట్టారు. 1986 ఏప్రిల్‌లో లండన్‌లోని షాఫ్ట్స్‌బరీ థియేటర్‌లో హాస్యనటులంతా కలిసి ప్రదర్శనలిచ్చారు. 1988 ఫిబ్రవరి 5న మొదటి 'రెడ్ నోజ్ డే' జరిగింది. జనం ఎర్ర ముక్కులు తగిలించుకుని బీబీసీ ముందు కూర్చున్నారు. కోటిన్నర పౌండ్లు వచ్చాయి. 2015 నాటికి మొత్తం వసూళ్లు వంద కోట్ల పౌండ్లు దాటాయి. ఆ డబ్బుతో జరిగిన మేలును మేం కాదనడం లేదు.

అసలు చూడాల్సింది ఆ రాత్రి కార్యక్రమం నడిచే తీరు. జోకులు నడుస్తుంటాయి. మధ్యలో నవ్వు ఆగిపోతుంది, ఒక చిన్న సినిమా వస్తుంది. ఆఫ్రికాలో ఒక వాడ, జబ్బుపడ్డ బిడ్డ, పక్కన కళ్లు తుడుచుకుంటున్న లండన్ తార. చూసేవాళ్లు ఫోనెత్తి డబ్బు రాయిస్తారు. మళ్లీ జోకులు. అంటే డబ్బు రాల్చేది ఒట్టి నవ్వు కాదు, నవ్వు పక్కన పెట్టిన ఏడుపు. నవ్వించేవాడికి పేరుంది, మాటుంది. ఏడ్చేవాళ్లకు మొహం మాత్రమే వుంది. వాళ్లకూ హాస్యం తెలుసనీ, తమ మీదా దొరల మీదా వాళ్లూ జోకులేసుకుంటారనీ ఆ సినిమా చూస్తే తోచదు.

లెనీ హెన్రీ బతుకే ఇందులో పెద్ద పాఠం. జమైకా నుంచి వలసొచ్చిన కుటుంబంలో 1958లో పుట్టాడు. 1975లో టీవీ పోటీ గెలిచాడు. గెలిచాక దొరికిన పనేమిటి? తెల్లవాళ్లు మొహానికి నల్లరంగు పూసుకుని పాడే 'బ్లాక్ అండ్ వైట్ మిన్‌స్ట్రెల్ షో' రంగస్థల బృందంలో ఐదేళ్లు! రంగు పూసుకోనక్కర్లేని ఒకే ఒక్కడు తానేనని మురిపించే జోకులతో నెట్టుకొచ్చాడు. ఆ రోజులు తన మనసును ఎంత నలిపాయో తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. హాస్టల్లో 'కోటా' జోకులకు నవ్వలేక నవ్విన మన పిల్లలకు ఇది విడమర్చి చెప్పాలా?

అలాంటి మనిషి స్థాపించిన సంస్థ కూడా ఆ సినిమాల దారి తప్పించుకోలేకపోయింది. లైబీరియా వీధి బాలల మీద గాయకుడు ఎడ్ షీరన్‌తో తీసిన సినిమాకు 2017లో నార్వే విద్యార్థుల సంస్థ ఒకటి వెక్కిరింపు బహుమతి ఇచ్చింది. 2019లో ఉగాండా బిడ్డను ఎత్తుకుని ఒక టీవీ తార దిగిన ఫొటో చూసి పార్లమెంటు సభ్యుడు డేవిడ్ లామీ, ఆఫ్రికాకు తెల్ల రక్షకులు ఇక వద్దన్నాడు. ఆయన తల్లిదండ్రులు గయానా నుంచి వచ్చినవాళ్లు. ఆ యేడు రెడ్ నోజ్ డే రాత్రి 6.3 కోట్ల పౌండ్ల పైచిలుకు వచ్చింది. 2017లో అది 7.1 కోట్లు. తగ్గిన నేరం లామీ మీద మోపినవాళ్లున్నారు! 2020లో సంస్థే దిగొచ్చి, ఇకమీదట తారల్ని ఆఫ్రికాకు పంపమనీ, సినిమాలు అక్కడివాళ్ల చేతే తీయిస్తామనీ ప్రకటించింది. కెమెరా చేతులు మారడానికి ముప్పైయేళ్లు దాటింది.

మన వూళ్లలో పిట్టలదొర వుండేవాడు. చిరిగిన ఖాకీ బట్టలు, కట్టె తుపాకీ, లేని జాగీర్ల గురించి కోతలు. దొర వేషంలోనే దొరతనాన్ని ఎగతాళి చేసి, నవ్విన వూరి దగ్గర గింజలు అడిగి తీసుకునేవాడు. అతని పేదరికాన్ని మేం గొప్ప చేయడం లేదు. కానీ మాటా జోలే రెండూ అతనివే. ఈసారి ఏ బస్తీ కోసమైనా కామెడీ షో టిక్కెట్టు మన చేతికొస్తే, మైకు ముందుకు ఆ బస్తీ నుంచి ఎవరైనా వస్తున్నారా, డబ్బు పంచే కమిటీలో ఆ బస్తీ ఆడవాళ్లెందరు అని నిర్వాహకుల్ని అడుగుదాం. టిక్కెట్టు కొనే ముందే అడుగుదాం.