క్రియాశీల తరగతిలో బోధనా పరిశీలన, మననము

తరగతిని పరిశీలించువారు సాధారణంగా అధ్యాపకుడు ఎంత బాగా మాట్లాడాడో చూస్తారు. విద్యార్థులు చర్చిస్తూ, సమస్యలు సాధిస్తూ నేర్చుకొనే క్రియాశీల తరగతిలో చూడవలసినది అది మాత్రమే కాదు. ఆ సమయంలో విద్యార్థులు ఏమి చేశారన్నది ముఖ్యము.

ఇందుకు ఉపకరించే పద్ధతులలో కోపస్ ఒకటి. కళాశాల విజ్ఞానశాస్త్ర తరగతుల కొరకు మిషెల్ స్మిత్, కార్ల్ వీమన్ మొదలైనవారు దీనిని రూపొందించి 2013లో ప్రచురించారు. పరిశీలకుడు ప్రతి 2 నిమిషాల వ్యవధికి ఒక పట్టికలో గుర్తులు పెడతాడు: అధ్యాపకుడు ఉపన్యసిస్తున్నాడా, ప్రశ్న వేస్తున్నాడా, గుంపుల మధ్య తిరుగుతున్నాడా, విద్యార్థులు వింటున్నారా, చర్చిస్తున్నారా, ప్రశ్నిస్తున్నారా. బోధన నాణ్యతకు ఇందులో మార్కులు లేవు. జరిగినది నమోదవుతుంది, అంతే.

మన అభిప్రాయమే చాలదా? చాలదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర తరగతులపై 2019లో వెలువడిన అధ్యయనంలో, క్రియాశీలంగా నేర్చినవారు పరీక్షలో మెరుగైన ఫలితం చూపారు. కాని తాము తక్కువ నేర్చుకొన్నామనే భావించారు. నేర్చుకోవడంలోని ప్రయాసను వారు నేర్చుకోకపోవడంగా ఎంచారు. కాబట్టి సాఫీగా సాగిన ఉపన్యాసానికి లభించే మెప్పు, నేర్చినదానికి కొలత కాదు.

అయితే పట్టికకూ హద్దు ఉంది. చర్చ జరిగిందని అది చెబుతుంది. చర్చ లోతును చెప్పదు. అందుచేత పరిశీలన తరువాత మననము అవసరము. డోనాల్డ్ షోన్ 1983లో వెలువరించిన గ్రంథంలో పని చేస్తూనే ఆలోచించడాన్ని, చేసిన పనిని గూర్చి ఆలోచించడాన్ని వివరించాడు. ఈ రెండవదానికి మూడు ప్రశ్నలు చాలు: నేను అనుకొన్నదానికీ పట్టికకూ తేడా ఎక్కడ? గుంపులలో వినబడిన మాటలు పాఠం ఉద్దేశానికి చేరువయ్యాయా? వచ్చే తరగతిలో ఏ ఒక్కటి మార్చాలి? ఆ ఒక్క మార్పే తరువాతి పరిశీలనకు ఆరంభము.