పని ముగించి వెళ్ళిపోయే మేస్త్రీలు

ఆటలో మోకాలు చెక్కుకుపోతే కొన్నాళ్ళకు కొత్త చర్మం వస్తుంది. ఎముక విరిగినా కొన్ని వారాలకు అతుక్కుంటుంది. కాని పన్ను కొస విరిగితే ఆ ముక్క మళ్ళీ పెరగదు. ఎందుచేత?

పంటిమీద తెల్లగా మెరిసే పొరను పింగాణి అంటారు. మన శరీరంలో దీనికన్న గట్టి పదార్థం లేదు. దీని బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. ఈ పొరను కట్టే మేస్త్రీలు అమెలోబ్లాస్టులనే జీవకణాలు.

పన్ను ఇంకా దవడలో దాగి ఉండగానే వీటి పని మొదలవుతుంది. సన్నగా, పొడవుగా ఉండే ఈ కణాలు బారులు తీరి మెత్తని మాంసకృత్తులను స్రవిస్తాయి. వాటిలో కాల్షియం, ఫాస్ఫేటులతో సన్నని స్ఫటికాలు ఏర్పడతాయి. పొర పెరిగేకొద్దీ కణాలు వెనక్కు జరుగుతాయి. రోజుకు పెరిగే మందం సుమారు 4 మైక్రాన్లు. అంటే ఒక మిల్లీమీటరు కట్టడానికి దాదాపు 250 రోజులు!

తగినంత మందం వచ్చాక రెండవ దశ. అవే కణాలు మాంసకృత్తులను, నీటిని తొలగించి, ఖనిజాన్ని అందిస్తాయి. స్ఫటికాలు లావెక్కి పొర రాయిలా గట్టిపడుతుంది. పన్ను చిగురును చీల్చుకొని బయటపడేసరికి ఈ కణాలు నశిస్తాయి. ఇక మరమ్మతు చేసేదెవరు?

కట్టేటప్పుడు జరిగిన లోపమూ అంతే, అలాగే నిలిచిపోతుంది. నల్లగొండ, ప్రకాశం జిల్లాలలోని కొన్ని గ్రామాలలో గోధుమరంగు మచ్చల పళ్ళు చూసే ఉంటారు. అది ఫ్లోరోసిస్. మనదేశంలో దీనిని మొదటగా 1937లో, నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పసితనంలో అంతకుమించి ఫ్లోరైడు ఉన్న నీరు తాగితే మాంసకృత్తుల తొలగింపు సరిగా జరగదు. పొర లోపల గుల్లబారుతుంది. ఇటుకపొడితో ఎంత తోమినా ఆ మచ్చ పోదు, పైగా పింగాణి అరుగుతుంది. కనుక అటువంటి పళ్ళున్న తోటి విద్యార్థిని ‘పళ్ళు తోముకోలేదా?’ అని ఎగతాళి చేయకండి. తప్పు నీటిది, ఆ పిల్లవానిది కాదు.

ఇక మీ పళ్ళ సంగతి. తీపి తిన్నప్పుడు నోటిలోని బాక్టీరియా ఆమ్లాన్ని తయారుచేస్తుంది. అది పింగాణిని కరిగిస్తుంది. లాలాజలం కొంత ఖనిజాన్ని తిరిగి చేర్చగలదు కాని, పడిన గుంటను పూడ్చలేదు. అందుచేత తిన్న వెంటనే నోరు పుక్కిలించండి, రాత్రి పడుకొనే ముందు పళ్ళు తోముకోండి. మేస్త్రీలు వెళ్ళిపోయారు. ఇక కాపలా మీదే!