రెక్కలు కాదు, కాళ్ళు లెక్కపెట్టండి

ఈ ఎపిసోడ్ అసలు ప్లాన్‌లో లేదు. ముందు ఒక తప్పు ఒప్పుకుంటాను, తర్వాత టాపిక్‌లోకి వెళ్దాం.

రెండు వారాల కిందట అరకు వీడియో పెట్టాను కదా. అందులో వాగు పక్కన తడి ఇసుక మీద వాలిన ఒక సీతాకోకచిలుకని చూపించి, "ఇది బ్లూ టైగర్" అని ఫుల్ కాన్ఫిడెన్స్‌తో చెప్పేశాను. నల్లటి రెక్కలు, వాటి మీద తెల్లటి గీతలు, చుక్కలు. ఫోన్‌లో ఒక యాప్‌కి ఫోటో ఇస్తే అది కూడా అదే పేరు చెప్పింది. నేను అదే పేరుతో ఫోటోని ఒక పబ్లిక్ డేటాబేస్‌లో ఎక్కించాను. ఇంకో ఇద్దరు చూసి "కరెక్టే" అని నొక్కారు. అయిపోయింది.

తర్వాత కామెంట్స్‌లో ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్ గారు ఒకే ఒక్క లైన్ రాశారు. "బాబూ, కాళ్ళు లెక్కపెట్టావా?"

ఒరిజినల్ ఫుటేజ్ ఓపెన్ చేసి, పాజ్ చేసి, జూమ్ చేశాను. ఆరు కాళ్ళ మీద నిలబడి ఉంది. బ్లూ టైగర్ అలా నిలబడదు, నాలుగు కాళ్ళ మీదే నిలబడుతుంది. అంటే నేను మీ అందరికీ చూపించింది బ్లూ టైగర్ కాదు. దాని వేషంలో ఉన్న కామన్ మైమ్. రెండూ దగ్గరి చుట్టాలు కూడా కాదు, కుటుంబాలే వేరు.

నేను చదివింది బీటెక్, చేసింది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. జువాలజీ కాదు. అందుకే ఈ రెండు వారాలు కూర్చుని చదివాను, మాస్టారితో రెండుసార్లు ఫోన్‌లో మాట్లాడాను. నాకు అర్థమైంది ఇప్పుడు మీకు చెప్తాను.

కాపీ కొట్టేది ఎక్కడ?

షాపుల్లో ఫేక్ పేమెంట్ యాప్ చూపించి మోసం చేసేవాళ్ళ గురించి వినే ఉంటారు. ఆ యాప్‌లో ఏముంటుంది? అదే రంగు, అదే గ్రీన్ టిక్, అదే సౌండ్. వెనకాల బ్యాంక్ సర్వర్‌తో కనెక్షన్ ఏమీ ఉండదు. ఎందుకంటే షాపాయన చూసేది స్క్రీన్ ఒక్కటే. ఆయన చూడని దాన్ని కాపీ కొట్టాల్సిన అవసరం లేదు.

ఇక్కడ షాపాయన ప్లేస్‌లో పక్షిని పెట్టండి. బ్లూ టైగర్ గొంగళిపురుగు దశలో జిల్లేడు కుటుంబానికి చెందిన మొక్కల ఆకులు తింటుంది. దాని ఒంట్లో పక్షులకి పడని రసాయనాలు ఉంటాయి. ఒకసారి తిని ఇబ్బంది పడ్డ పక్షి, నల్ల రెక్కల మీద ఆ తెల్ల గీతల్ని గుర్తుపెట్టుకుని మళ్ళీ జోలికి పోదు. కామన్ మైమ్ గొంగళిపురుగు తినేది దాల్చినచెక్క కుటుంబం చెట్ల ఆకులు. పక్షికి అది మామూలు భోజనమే. కానీ మైమ్ పూర్వీకుల్లో కొంచెం బ్లూ టైగర్‌లా కనిపించినవి కొంచెం ఎక్కువగా బతికాయి, వాటి పిల్లలు బతికాయి. ఇలా తరతరాలకీ పోలిక పెరుగుతూ వచ్చింది. మైమ్ కావాలని నటించలేదు. పక్షులు వేరుకుంటూ పోతే మిగిలింది ఆ డిజైన్.

మరి పక్షి కాళ్ళు లెక్కపెడుతుందా? రెక్కలో ఈనెలు ఎన్ని ఉన్నాయో చూస్తుందా? చూడదు. అందుకే వాటిని మార్చే ఒత్తిడి లేదు. అవి పాత కుటుంబంలో ఎలా ఉన్నాయో అలాగే ఉండిపోయాయి.

మోసపోయింది నేనొక్కడినే కాదు. కామన్ మైమ్‌లో రెండు వేషాలు ఉన్నాయి. ఒకటి బ్లూ టైగర్‌లా గీతలతో, ఇంకోటి కామన్ క్రో అనే గోధుమ నలుపు సీతాకోకచిలుకలా. 1758లో లిన్నేయస్ అంతటి ఆయన ఈ రెండు వేషాలకీ క్లైటియా అని ఒకటి, డిస్సిమిలిస్ అని ఒకటి, రెండు వేరే జాతుల పేర్లు పెట్టారు. అది ఒకే జాతి. రెక్కలే చూస్తే సొంత అన్నదమ్ముల్ని విడదీస్తాం, సంబంధం లేనివాళ్ళని కలిపేస్తాం.

ఈ విషయం మొదట వివరంగా చెప్పింది హెన్రీ వాల్టర్ బేట్స్. 1848లో అమెజాన్ అడవులకి వెళ్ళి, 11 ఏళ్ళు అక్కడే ఉండి సీతాకోకచిలుకలు సేకరించారు. పక్షులు ముట్టుకోని రంగురంగుల గుంపుల్లో, అచ్చం అలాగే ఉన్న వేరే కుటుంబంవి దొరికాయి. మన దగ్గర పొలాల్లో తిరిగే తెల్లవి, పసుపువి ఉంటాయి కదా, ఆ కుటుంబానివి. అక్కడ కూడా లెక్క ఇదే. అసలువి నాలుగు కాళ్ళ మీద, వేషం వేసినవి ఆరు కాళ్ళ మీద. 1862లో ఆయన పేపర్ వచ్చింది. ఈ రకం అనుకరణని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఆరు కాళ్ళుంటే చుట్టాలేనా?

ఇక్కడ నేను ఇంకో తప్పు చేయబోయాను, మాస్టారు ఆపారు. "సార్, అయితే ఆరు కాళ్ళవి ఒక కుటుంబం, నాలుగు కాళ్ళవి ఒక కుటుంబం, అంతేనా?" అన్నాను. "చీమకి ఎన్ని కాళ్ళు బాబూ?" అన్నారు ఆయన.

నిజమే. ఆరు కాళ్ళు కీటకాలన్నిటికీ తాతల నాటి ఆస్తి. అది ఉన్నంత మాత్రాన దగ్గరి చుట్టాలని తేలదు. కొత్తగా వచ్చిన మార్పు ఎవరెవరికి ఉంది అనేదే చుట్టరికం చెప్తుంది. జర్మన్ కీటక శాస్త్రవేత్త విల్లీ హెన్నిగ్ 1950లో తన పుస్తకంలో ఈ పద్ధతిని ఒక క్రమంలో పెట్టారు. కోడ్ రాసేవాళ్ళకి ఇది ఈజీగా ఎక్కుతుంది. రెండు ప్రాజెక్టుల్లో ఒకే స్టాండర్డ్ లైబ్రరీ ఉంటే అదేం ప్రూఫ్ కాదు. ఎవరో మధ్యలో కొత్తగా రాసిన ఫంక్షన్ రెండింట్లోనూ ఉంటే, అప్పుడు రెండూ ఒకే చోట నుంచి వచ్చాయని అనుమానించొచ్చు.

బ్లూ టైగర్‌కి కూడా ఉన్నవి ఆరు కాళ్ళే. ముందు రెండూ బాగా చిన్నవైపోయి ఛాతీకి ముడుచుకుని ఉంటాయి, నడకకి పనికిరావు. ఆడవి గుడ్లు పెట్టే ముందు వాటితో ఆకుని తట్టి రుచి చూస్తాయి. ఈ మార్పు నింఫాలిడే అనే పెద్ద కుటుంబాన్ని కలిపి ఉంచుతుంది. అన్నట్టు బ్లూ టైగర్ శాస్త్రీయ నామం తెలుసా? తిరుమల లిమ్నియాసే. అవును, మన తిరుమలే. ఆ ప్రజాతి పేరు 1880లో ఫ్రెడరిక్ మూర్ పెట్టారు.

మరి మైమ్ చుట్టాలు ఎవరు? దానికి మా అమ్మ బాల్కనీలోకి రావాలి. కరివేపాకు మొక్క మీద ఆకుపచ్చ గొంగళిపురుగు ఉంటుంది చూడండి. పుల్లతో కదిపితే తల వెనక నుంచి రెండు పాయలుగా చీలిన ఎర్రటి కొమ్ములాంటిది బయటికొస్తుంది, ఘాటు వాసన వేస్తుంది. దాన్ని ఆస్మెటీరియం అంటారు. స్వాలోటెయిల్ కుటుంబం గొంగళిపురుగులకి తప్ప వేరే సీతాకోకచిలుకలకి అది ఉండదు. కామన్ మైమ్ గొంగళిపురుగుకి ఉంది. పెద్దయ్యాక కూడా ఇంకో గుర్తు ఉంటుంది. వెనక రెక్కలో ఒంటికి ఆనుకుని వేరే కుటుంబాలకి మామూలుగా రెండు ఈనెలు ఉంటే, వీటికి ఒకటే. అంటే అరకులో నేను చూసింది బ్లూ టైగర్‌కి ఏమీ కాదు, మా కరివేపాకు పురుగుకి కజిన్! కుటుంబం పేరులో తోక ఉన్నా మైమ్‌కి తోక లేదు. మళ్ళీ రెక్కల ఆకారం చూసి మోసపోయే ఛాన్స్.

ఒక్క అవయవం చాలదు

కాళ్ళ లెక్క కూడా అన్నిచోట్లా పనిచేయదు. ప్లమ్ జూడీ అని ఒకటుంది. అందులో మగది నాలుగు కాళ్ళ మీద, ఆడది ఆరు కాళ్ళ మీద నడుస్తుంది. కాళ్ళే చూస్తే మొగుడూ పెళ్ళాల్ని రెండు కుటుంబాల్లో పెడతాం. అందుకే శాస్త్రవేత్తలు గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, ఈనెలు, కాళ్ళు అన్నీ కలిపి చూస్తారు. మరీ దగ్గరి జాతులైతే మగవాటి జననాంగాల ఆకారాన్ని మైక్రోస్కోప్ కింద పోల్చుతారు.

దీనికి మంచి ఉదాహరణ అమెరికా ఖండాల ఉష్ణమండలంలో ఉండే హెడిలిడే. నీరసమైన రంగులు, ఎక్కువగా రాత్రి ఎగరడం, మీసాల చివర గుబ్బ లేకపోవడం. చూస్తే లైటు చుట్టూ తిరిగే మాత్ అనే అంటారు, చాలాకాలం అలాగే అన్నారు కూడా. 1986లో మాల్కమ్ స్కోబుల్ వాటి అవయవాల్ని వివరంగా పరిశీలించి, ఇవి సీతాకోకచిలుకల వైపువి అని వాదించారు. కొన్నింటి ప్యూపా నడుముకి పట్టు దారం కట్టుకుని ఉంటుంది, మన తెల్ల, పసుపు సీతాకోకచిలుకల ప్యూపాలాగే. దాదాపు 30 ఏళ్ళ తర్వాత డీఎన్ఏ చూస్తే ఆయన మాట చాలావరకు నిలబడింది. కాకపోతే ఆయన వాటిని మిగతా సీతాకోకచిలుకల పక్కన పెట్టారు. డీఎన్ఏ వాటిని లోపలికే తెచ్చి, స్కిప్పర్ల పక్కన కూర్చోబెట్టింది. అంటే అవయవాలు ఇల్లు కరెక్ట్‌గా చూపించాయి, గది కొంచెం మారింది.

ఇదంతా ఎందుకు, పేరు తప్పైతే ఏమైంది అంటారా? నేను ఎక్కించిన ఫోటో మీద తప్పు లేబుల్ ఉంది. రేపు ఆ ఫోటోలతోనే ఇంకో యాప్ నేర్చుకుంటుంది. అది అరకులో ఇంకొకరికి అదే తప్పు చెప్తుంది, వాళ్ళు ఇంకో ఫోటో ఎక్కిస్తారు. అక్కడ మైమ్ ఉందన్న రికార్డు మాత్రం ఎక్కడా ఉండదు. దాని చెట్లు పోయినా, అది పోయినా, లెక్కలో బ్లూ టైగర్లు బాగానే ఉన్నాయని కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసిన నాకు ఇది తెలియకపోవడం ఏంటి అని సిగ్గేసింది.

లేబుల్ మార్చాను. "కరెక్టే" అన్న ఇద్దరికీ మెసేజ్ పెట్టాను. పాత వీడియో తీసేయలేదు, పైన కరెక్షన్ పిన్ చేశాను. తప్పు కూడా కనిపించాలి కదా.

మీరు చేయాల్సింది చిన్న పని. ఈసారి సీతాకోకచిలుక కనిపిస్తే పైనుంచి ఒక్క ఫోటోతో ఆగకండి. పట్టుకోవద్దు, అది వాలాక మెల్లగా పక్కకి వెళ్ళి, రెక్కల అడుగు భాగం, ఒళ్ళు, కాళ్ళు కనిపించేలా ఇంకోటి తీయండి. మైమ్ అయితే వెనక రెక్క అడుగున అంచు వెంబడి పసుపు చుక్కలు ఉంటాయి, అది ఆ ఫోటోలోనే దొరుకుతుంది. తీశాక కామెంట్స్‌లో పేరు కాదు, ఎన్ని కాళ్ళ మీద నిలబడిందో రాయండి. మాస్టారు కూడా చూస్తారు, నేను మాట తీసుకున్నాను.

ఉంటాను మరి. వచ్చే వారం కలుద్దాం.