మట్టికట్ట ఎందుకు తెగుతుంది?

బాలలూ! డోర్నకల్‌కు చేరువలో బయ్యారం పెద్దచెరువు ఉంది. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ 13వ శతాబ్దంలో దానిని తవ్వించింది. ఆమె వేయించిన శాసనం ఆ చెరువు పేరు ధర్మకీర్తి సముద్రమని చెబుతోంది. పాకాల, లక్నవరం చెరువులు కూడా కాకతీయుల నాటివే. నేడు జనం వాటిలో పడవ షికారు చేస్తారు. పొలాలకూ ఆ నీరే పారుతుంది. సిమెంటు ఎరుగని ఆ కాలపు మట్టికట్టలు అంత నీటిని ఎలా ఆపుతున్నాయి?

ఒక లెక్క చేద్దాం. నీటి ఒత్తిడి చెరువు వైశాల్యాన్ని బట్టి ఉండదు, లోతును బట్టి ఉంటుంది. లోతు 4 మీటర్లయితే అడుగున చదరపు మీటరుకు 4 టన్నుల ఒత్తిడి ఉంటుంది. పైన సున్న. సగటు 2 టన్నులు. అంటే ప్రతి మీటరు పొడవు కట్టనూ నీరు 2 × 4 = 8 టన్నుల బలంతో నెడుతుంది.

ఇక కట్ట సంగతి. ఎత్తు 5 మీటర్లు, పైన వెడల్పు 2, అడుగున 22 మీటర్లు అనుకోండి. మీటరు పొడవులో 60 ఘనపు మీటర్ల మట్టి ఉంటుంది. దాని బరువు సుమారు 108 టన్నులు! 8 టన్నుల తోపుడుకు అది కదులుతుందా?

మరి గండ్లు ఎందుకు పడతాయి? తోపుడు వల్ల కాదు, కోత వల్ల.

మొదటిది పైనుంచి కోత. కట్టమీదుగా నీరు పొర్లితే వెలుపలి వాలు మట్టి కొట్టుకుపోతుంది. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య వరద రైలుకట్టను కోసివేయగా పట్టాలు గాలిలో వేలాడాయి. అందుకే చెరువుకు మత్తడి కడతారు. కొందరు దీనినే అలుగు అంటారు. అది కట్టకంటే తక్కువ ఎత్తులో, రాతితో ఉంటుంది. మిగులు నీరు దానిమీదుగా వాగులోకి పోతుంది. చేపలకోసమో, నీరు మరికొంత నిలవాలనో మత్తడికి అడ్డుకట్ట వేస్తే ఊరికే ముప్పు.

రెండవది లోపలినుంచి కోత. ఎలుకలు, ఎండ్రకాయలు చేసిన బొరియలు, ఎండిన చెట్ల వేళ్ళు కుళ్ళిన సందులు నీటికి దారి ఇస్తాయి. నీరు మట్టిరేణువులను మోసుకుపోతూ ఆ దారిని పెద్దది చేస్తుంది.

దీనిని మీరూ కనిపెట్టవచ్చు. కట్ట వెలుపలి అడుగున కొద్దిగా తేటనీరు ఊరడం మామూలే. ఆ ఊట పెరిగినా, బురదనీరుగా మారినా కట్ట లోపల కరిగిపోతున్నదని అర్థం. అక్కడ ఆగకండి. వెంటనే పెద్దలకు చెప్పండి. ఆ ఒక్క మాట ఊరిని కాపాడవచ్చు.