కాలేయమునకు కణభిక్ష

సంతోష్‌నగర్ నుండి కంచన్‌బాగ్ వైపు సాగు మార్గమున, దక్కన్ వైద్యకళాశాలకును ఒవైసీ ఆసుపత్రికిని అనుబంధముగా కాలేయ పరిశోధన కేంద్రమొకటి కలదు. కామెర్లు ముదిరి స్పృహ తప్పిన రోగికి వేఱొక కాలేయము అమర్చుట తప్ప శరణ్యము లేదనియు, ఆ శస్త్రచికిత్స సామాన్య కుటుంబమునకు అందరానిదనియు ఎఱిగిన, ఆ కేంద్రమునకు చెందిన డాక్టర్ చిత్తూరు మహమ్మద్ హబీబుల్లా గారు, అవయవమంతయు మార్చుటకు బదులు సజీవకణములను మాత్రమే అందించి, రోగి కాలేయము తేఱుకొనువఱకు ప్రాణము నిలుపవచ్చునని తలపోసిరి. పిండకాలేయము నుండి గ్రహించిన కణములను అట్టి ఏడుగురు రోగుల ఉదరకుహరములోనికి ఎక్కించి, ఆ ఫలితములను సహచరులతో కూడి 1994లో ప్రకటించిరి. పిమ్మట ఈ కేంద్రమువారు పిండకాలేయపు మూలకణములను కాలేయ ధమని ద్వారా 25 మంది సిరోసిస్ రోగులకు అందించి, ఆఱు మాసములు పరిశీలించి, వారి స్థితి కొంత మెఱుగుపడినదని 2010లో వెల్లడించిరి. పాతబస్తీ అంచున జరిగిన ఈ సాహసము మన వైద్యచరిత్రలో సగౌరవముగా స్మరింపదగినది.

అయినను ఈ మార్గమునకు అవధులు లేకపోలేదు. పిండకణములు కోరినంత లభింపవు. వాని సేకరణము ధర్మసందేహములకు తావిచ్చును. పైగా పరాయి కణములను శరీరము తన రక్షకశక్తితో ప్రతిఘటించును. రోగి దేహము నుండియే, అతనికి కావలసిన కణములను కావలసినన్ని పండించుకొనగల ఉపాయము దొరకినచో ఈ చిక్కులు చాలవఱకు తొలగును గదా!

ఆ ఉపాయము జపాన్‌లో దొరకినది. ఎదిగిన కణములోని కేంద్రకము తన పూర్వశక్తిని కోల్పోదని జీవశాస్త్రజ్ఞుడు జాన్ గర్డన్ 1962లోనే కప్పలపై నిరూపించియుండెను. క్యోటోకు చెందిన షిన్యా యమనాకా, 24 జన్యువులతో ఆరంభించి, ఒక్కొక్కదానినే తొలగించి చూచుచు, తుదకు నాలుగింటితోనే ఎలుక చర్మపుకణమును పిండదశను పోలిన స్థితికి మరలింపవచ్చునని 2006లోను, మనుష్యకణమును సైతము అట్లే మార్పవచ్చునని 2007లోను చూపెను. ఇట్లు ఏ ధాతువుగానైనను మాఱగల శక్తిని తిరిగి పొందిన వానినే ఐపీఎస్ కణములందురు. గర్డన్, యమనాకాలకు 2012లో నోబెల్ బహుమానము లభించినది.

హబీబుల్లా గారు కోరిన కాలేయకణములను ఈ విధమున పెంచుట నేడు సాధ్యమే. శాస్త్రజ్ఞుడు తకనోరి తకెబే బృందము 2013లో ఐపీఎస్ కణములతో చిన్న కాలేయపు మొగ్గలను తయారుచేసి ఎలుకలలో నాటగా, రెండు దినములలోనే వాని రక్తనాళములు ఎలుక నాళములతో కలిసినవి. అంతకంటెను నన్ను ఆకర్షించునది రోగమునే పాత్రలో పెంచి చూచు విద్య. ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అను ప్రోటీన్ వంశపారంపర్య దోషముచే వక్రముగా మడతపడి, కాలేయకణములలోనే పేరుకొని, వానిని చెఱచును. అట్టి రోగుల చర్మము నుండి కాలేయకణములను పుట్టింపగా, ఆ ప్రోటీన్ వానిలోను అట్లే పేరుకొన్నదని 2010లో కేంబ్రిడ్జ్ శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఇక మందులను రోగిపై ప్రయోగింపకముందే అతని కణములపై పరీక్షింపవచ్చును. ఈ కణవిద్య మనకును దూరము కాదు; మన హైదరాబాదులోనే ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థవారు ఐపీఎస్ కణములతో చిన్న శుక్లపటలములను పెంచి 2017లో ప్రకటించిరి.

చికిత్సగా మాత్రము తొందరపాటు తగదు. యమనాకా వాడిన నాలుగు జన్యువులలో ఒకదానికి క్యాన్సర్‌తో సంబంధము కలదు; మార్పు పూర్తికాని కణములు మిగిలినచో కణితులు పుట్టవచ్చును. 2014లో కోబెలో ఒక వృద్ధురాలి కంటిలో ఆమె కణముల పొరనే అమర్చిన వైద్యులు, రెండవ రోగి కణములలో జన్యుమార్పులు కనబడగానే ఆ ప్రయత్నమును నిలిపివేసిరి. ఆ సంయమమే నిజమైన శాస్త్రము.

కొన్ని రక్తవ్యాధులకు చేయు రక్తమూలకణ మార్పిడి తప్ప మఱి ఏ మూలకణ చికిత్సయు నిత్యవైద్యముగా ఆమోదింపబడలేదనియు, ప్రయోగములలో పాల్గొను రోగి నుండి రుసుము గొనరాదనియు భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకములు తెలిపినవి. కావున మూలకణములతో కాలేయమును బాగుచేసెదమని లక్షలు అడుగువారు ఎదురైనచో, పొలము తాకట్టుపెట్టుటకు ముందు, ఆ ప్రయోగము క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైనదా యని తప్పక అడుగుడు. సరియైన సమాధానము రానిచో అచ్చటినుండి లేచి రండు.